మూతబడిన నగరంలో పేరులేనివారు

మహమ్మారిపై వెలువడిన నవలల్లో అల్బేర్ కామూ ‘ప్లేగు’ (1947) మిక్కిలి ప్రసిద్ధం. కథాస్థలం అల్జీరియాలోని ఓరాన్ రేవుపట్టణం. ఎలుకలు వీధుల్లో పడి చస్తాయి. తరువాత మనుషులు రాలిపోతారు. నగరద్వారాలు మూసివేస్తారు, ఉత్తరాలు సైతం నిలిచిపోతాయి. మొదట లాంఛనంగా సాగిన అంత్యక్రియలు చివరకు సామూహిక గోతులపాలవుతాయి. ఈ నిర్బంధంలో డాక్టర్ రియూ తన విధిని నిశ్శబ్దంగా నెరవేరుస్తాడు.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు చిలకలూరిపేటలోనూ ఇళ్ళ తలుపులు మూతపడ్డాయి. ఆ ఏడు రంజాన్‌లో తరావీహ్ నమాజులు ఇళ్ళలోనే జరిగాయి. ఆ రోజులు గడిపినవారికి కామూ వర్ణన అతిశయోక్తి అనిపించదు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఓరాన్‌లోని అరబ్బు ముస్లిములు ఏమైనట్లు? పేరున్న పాత్రలలో ఒక్క అరబ్బు కూడా లేడు. అరబ్బుల జీవన పరిస్థితులను పరిశీలించడానికి రాంబేర్ అనే పారిస్ విలేఖరి వస్తాడు. ప్లేగు రాగానే ఆ ప్రసక్తే మరుగున పడుతుంది. వారి జనాజాలు ఎవరు మోశారో నవల చెప్పదు. ఫ్రాన్స్‌పై జర్మన్ల ఆక్రమణకు ఈ కథ సంకేతమని సమర్థించేవారున్నారు. అదే నిజమైతే లోపం మరింత పెద్దది. ఆక్రమణ బాధను చెప్పడానికి 1962 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న దేశాన్ని ఎన్నుకొని, అక్కడి పాలితులనే విస్మరించారు గదా!

హిజ్రీ 18లో సిరియా ప్రాంతాన్ని అమ్వాస్ ప్లేగు పట్టి పీడించింది. వ్యాధి ఉన్న చోటికి వెళ్ళరాదు, అక్కడ ఉన్నవారు పారిపోరాదు అన్న ప్రవక్త (సఅసం) ఆదేశాన్ని విని హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ నుండి వెనుదిరిగారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) తన ప్రజలను విడిచి రాలేదు. ఆ వ్యాధితోనే మరణించారు. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా అంతే. చరిత్ర వారిని పేరుపేరునా జ్ఞాపకముంచుకున్నది.

2020లో మరో వైపరీత్యం చూశాం. వ్యాధి పేరిట ఒక సమాజాన్నే దోషిగా నిలిపారు. ఢిల్లీ తబ్లీగీ సమావేశానికి వచ్చిన విదేశీయులపై కేసులను అదే ఏడు ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. చనిపోయినప్పుడు పేరు లేకపోవడం ఒక అన్యాయం. నిందకు మాత్రమే పేరు పిలవడం మరొకటి.

కనుక ఈ నవలను చదవవలసిందే, అది చెప్పకుండా విడిచినదాన్ని కూడా కలుపుకొని. ఏ మతస్థులైనా సరే, ఆ రెండేళ్ళలో మన ఊళ్ళలో పోయినవారి పేర్లను వ్రాసి ఉంచడం ఇక మన వంతు.