మూత తీసిన పెట్టె

"మావయ్యా, పీఎస్5 కొనుక్కోమంటావా, పీసీ కట్టించుకోమంటావా?"

ఇంటర్ ముగించిన మా మేనల్లుడు పోయిన వారం ఫోన్ చేసి అడిగాడు. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. పదేళ్లు కన్సోల్ మీద ఆడి, మూడేళ్ల కిందట పీసీకి మారినవాణ్ని. ధరలు వాడే చూసుకోగలడు. మారినప్పుడు నా చేతికీ కంటికీ ఏం జరిగిందో మాత్రం నేనే చెప్పాలి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరం సీటీసీ అంటాం. అక్కడో చిన్న దుకాణంలో నిలబడి, రాసుకొచ్చిన కాగితంలోంచి గ్రాఫిక్స్ కార్డు పేరు చదివాను. కౌంటర్ వెనకున్న కుర్రాడు కాగితం వంక చూడనేలేదు. "కార్డు సంగతి తర్వాత అన్నా. ముందు నీ మానిటర్ ఏందో చెప్పు" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. టీవీ హాల్లో ఉండేది, పెట్టె దాని కింద ఉండేది, డిస్కు వేస్తే ఆట వచ్చేది. తెరకు ఎన్ని పిక్సెళ్లు, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారాలి అన్న లెక్కలన్నీ ఆట చేసినవాళ్లు ముందే వేసిపెట్టేవాళ్లు. ఆ లెక్క ఇకమీదట నాదని మొదటిసారి తెలిసింది ఆ కౌంటర్ దగ్గరే. తెర చూపించలేని ఫ్రేములకు డబ్బు పోయడం దండగ అని వివరించాడా కుర్రాడు. తెరను బట్టి కార్డు, కార్డును బట్టి ప్రాసెసర్, అన్నిటికీ సరిపడా కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. అదీ వరస.

కన్సోల్‌ను తక్కువ చేసి మాట్లాడటానికి నాకు మనసొప్పదు. 2013లో వచ్చిన పీఎస్4 లోపల ఉన్నది ఏఎండీ వాళ్ల ఎక్స్86 ప్రాసెసర్, 8 జీబీ మెమరీ. అదీ పీసీ జాతిదే, మూత బిగించి ఇచ్చారంతే. దాని బలమంతా ఆ బిగింపులో ఉంది. చాలామంది ఇళ్లలో అదే పెట్టె కాబట్టి, 2017లో గెరిల్లా గేమ్స్ వాళ్లు 'హొరైజన్ జీరో డాన్' చేసినప్పుడు ప్రతి గడ్డిపరకకూ ఎంత సమయం ఖర్చవుతుందో లెక్కగట్టుకోగలిగారు. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో బొమ్మకు 33 మిల్లీసెకన్లు. అంతలో ఎంత అందం పడుతుందో అంతా పట్టించారు. ఆ ఆట రెండుసార్లు పూర్తిచేశాను. ఆ 30 అనే అంకె ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

అదే ఆట 2020 ఆగస్టులో పీసీకి వచ్చింది. నా కొత్త మెషీన్‌లో మొదట తెరిచింది దాన్నే. వెంటనే మొదలవలేదు. లోడింగ్ గీత మెల్లగా నిండసాగింది, ఆ వెనక షేడర్లు సిద్ధమవుతున్నాయి. వెలుగునీడలు, రంగులు ఎక్కడెలా పడాలో గ్రాఫిక్స్ చిప్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాములే షేడర్లు. కన్సోల్‌లో చిప్ ఏదో ముందే తెలుసు కాబట్టి వాటిని ఆ చిప్ భాషలోకి మార్చి ఆటతోపాటే ఇచ్చేస్తారు. పీసీకి వచ్చేసరికి ఎవరింట్లో ఏ కార్డుందో ఆట చేసినవాళ్లకు తెలియదు. ఆ పని నా గదిలో, నా కార్డు మీదే జరగాలి. హోటల్లో తినడానికీ, ఇంట్లో పొయ్యి వెలిగించడానికీ ఉన్న తేడా అది.

తర్వాత చేతి సంగతి. హొరైజన్‌లో వాచర్ అనే యంత్రానికి ఒకే కన్ను. బాణం ఆ కంట్లో దిగితే కూలిపోతుంది. కంట్రోలర్‌తో ఆడినన్నాళ్లూ, కాలాన్ని నెమ్మదింపజేసే నైపుణ్యం వాడితే తప్ప ఆ గురి నాకు కుదిరేది కాదు. మౌస్‌తో మొదటి వారం అది వాడినా కుదరలేదు. బొటనవేలు పదేళ్లుగా నేర్చిన విద్య మణికట్టుకు తెలియదు. స్టిక్‌ను ఎంత వంచితే చూపు అంత వేగంగా తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. అక్కడ వేలి అదుపులో ఉండేది వేగం. మౌస్‌కు లెక్క వేరు. చెయ్యి ఎంత దూరం జరిగితే చూపు అంత కోణం తిరుగుతుంది. కాబట్టి చేతికి దూరం గుర్తుండాలి. మా అమ్మ చుక్కల ముగ్గు పెట్టేటప్పుడు కొలత పెట్టుకోదు. వంగి చుక్కలు వేసుకుంటూ పోతుంది, వరస తప్పదు. ఆ వేళ్లకు దూరం తెలుసు.

నా మణికట్టుకూ తెలియాలంటే ముందు మౌస్ మాట మార్చకూడదు. చేతి వేగాన్ని బట్టి పాయింటర్ జరిగే దూరాన్ని పెంచే ఏర్పాటు విండోస్‌లో ఒకటుంది. దాన్ని తీసేశాను. మౌస్‌ను 800 డీపీఐ దగ్గర ఉంచి, ఒక పూర్తి చుట్టు తిరగాలంటే చెయ్యి 35 సెంటీమీటర్లు జరిగేలా స్కేలు పెట్టి కొలిచి, ఆటలో సెన్సిటివిటీ సరిచేసుకున్నాను. ఆపైన ఆ అంకెను ముట్టుకోలేదు. రోజూ పావుగంట వాచర్లు తిరిగే మైదానంలోనే గడిపాను. నాలుగో వారంలో ఒక సాయంత్రం బాణం వదిలేశాకగానీ తెలియలేదు, గురి కోసం నేను వెతకలేదని, చెయ్యే వెళ్లి అక్కడ ఆగిందని.

ఎడమ చేతి పాఠానికి ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు చాలామంది ఆటల్లో కీబోర్డు మీది బాణం గుర్తుల మీటలతో నడిచేవాళ్లు. 1997లో క్వేక్ పోటీ గెలిచి, ఆ ఆట సృష్టికర్తల్లో ఒకరైన జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారును బహుమతిగా అందుకున్న డెనిస్ ఫాంగ్ వేళ్లు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటల మీద ఉండేవి. ఆ పద్ధతి వాడుకలో పడటంలో ఆయన ఆటకు పెద్ద వాటా ఉంది. ఆ నాలుగు మీటల మీద వేళ్లు పెట్టినప్పుడల్లా, ఎవరో నడిచి చదును చేసిన దారిలో నడుస్తున్నట్టు ఉంటుంది.

కన్ను ఇంకా నెమ్మదిగా నేర్చుకుంది. నా మానిటర్ 144 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగలదు. విండోస్‌లో ఆ అంకెను మనమే ఎంచుకోవాలని తెలియక రెండు వారాలు 60 మీదే నడిపాను. తేడా పట్టుకోలేకపోయాను. ఆ తర్వాత ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఆట ఎంత వేగంగా నడుస్తోందో కొలవడానికి హొరైజన్‌లోనే ఉన్న బెంచ్‌మార్క్‌ను నడపడం, ఒక్క సెట్టింగు మార్చడం, మళ్లీ నడపడం, రాసుకోవడం. నీడలు ఒక మెట్టు దించితే నా కంటికి తేడా అందలేదు, ఫ్రేములు పెరిగాయి. వస్తువుల మీద తొడిగే బొమ్మలైన టెక్స్చర్లు దించితే కథానాయిక ఏలోయ్ తోలు దుస్తుల మీది కుట్లు చెరిగిపోయాయి, ఫ్రేములు మాత్రం పెరగలేదు. వాటి భారం మోసేది ప్రధానంగా కార్డు మెమరీ, అది నా దగ్గర సరిపడా ఉంది. ఇలా నెలలపాటు రాసుకున్నాక, పదేళ్లుగా చూస్తున్న బొమ్మలో ఏది దేనివల్ల వస్తుందో మెల్లగా విడివిడిగా కనిపించసాగింది.

మూత తీసి ఉండటంవల్ల ఏం జరుగుతుందో 2012 ఆగస్టులో 'డార్క్ సోల్స్' పీసీకి వచ్చినప్పుడు చూశాం. ఎంత పెద్ద తెర పెట్టినా లోపల బొమ్మ తయారయ్యేది 1024 బై 720 దగ్గరే. డ్యురాంటే అనే పేరుతో రాసే ప్రోగ్రామర్ 'డీఎస్‌ఫిక్స్' అనే చిన్న ప్రోగ్రాముతో ఆ కట్టు విప్పి, అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఇష్టపడ్డ ఆటకు ఒక ఆటగాడు చేసిన సేవ అది. బిగించిన పెట్టెలో అలాంటి సేవకు చోటుండదు.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. మా కాలనీలో నలుగురం డిస్కులు మార్చుకునేవాళ్లం. ఒకరు కొన్నది నలుగురిళ్లూ తిరిగి, చివరికి సగం ధరకు దుకాణం చేరేది. పీసీలో కొన్న ఆట నా ఖాతాను అంటిపెట్టుకుని ఉంటుంది. చదివేసిన పుస్తకంలా ఇంకొకరి చేతిలో పెట్టలేను. హాల్లో ఆడినప్పుడు మా అమ్మ బియ్యం ఏరుకుంటూ ఏలోయ్ ఎక్కే కొండలు చూసేది. ఇప్పుడు ఆ కొండలు గది మూలన ఉన్న బల్ల మీద ఉన్నాయి. ఈ లోటును నేను ఏ సెట్టింగుతోనూ పూడ్చుకోలేకపోయాను.

ఈ మే నెలలో గది కుంపటిలా ఉంది. కార్డు వేడి కూడా తోడైతే కూర్చోలేం. అందుకని ఫ్రేములను 60 దగ్గర ఆపేశాను. కార్డు చల్లబడింది, ఫ్యాన్ హోరు తగ్గింది. ఆ అంకె నొక్కుతుంటే గెరిల్లా వాళ్ల 30 గుర్తొచ్చింది. వాళ్లకూ ఇలాగే వేడి, ఖర్చు, అందం అన్నీ కలిపి ఎక్కడో ఒకచోట గీత గీయాల్సి వచ్చి ఉంటుంది. గీత గీయడం ఎంత కష్టమో నేనూ ఒకటి గీశాకే తెలిసింది. కన్సోల్ మీద నా గౌరవం దాన్ని వదిలాక పెరిగింది.

మేనల్లుణ్ని ఆదివారం రమ్మన్నాను. పాత పీఎస్4ను హాల్లో టీవీకి కలిపి దుమ్ము తుడిచాను. గదిలో పీసీ సిద్ధంగా ఉంది. రెండింట్లోనూ అదే ఆట, అదే మైదానం, అదే వాచర్. వాడి చెయ్యి ఎక్కడ కుదురుకుంటుందో చూస్తాను.