రెండు పంటలు, రెండు అప్పులు

2023లో చిన్న రైతు పండించే రెండు రకాల పంటలు వార్తలకెక్కాయి. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదిని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన పుణ్యమా అని జొన్న, సజ్జ, కొర్రల మీద ఎక్కడ చూసినా ఉపన్యాసాలే. జులై నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దాకా ఎగబాకిన టమాటా మీద ఎక్కడ చూసినా గగ్గోలే. ఉపన్యాసమైనా గగ్గోలైనా తినేవాడి వైపు నుంచే. పండించేవాడి వైపు నుంచి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ.

మదనపల్లె వైపు రెండెకరాల రైతు టమాటా పెట్టాడంటే మొదటి రోజు నుంచీ ఖర్చే. నర్సరీలో ట్రేలలో పెంచిన హైబ్రిడ్ నారు కొనాలి, డ్రిప్పు పైపులు పరవాలి, మల్చింగ్ షీటు వెయ్యాలి. మొక్క ఎదిగేకొద్దీ కట్టెలు పాతి, తీగ లాగి, దారంతో ఎత్తి కట్టాలి. మందులు సరేసరి. మధ్యలో బోరు ఎండిందా, ఇక అంతే సంగతులు. నాటిన రెండు నెలలు దాటాక కోతలు మొదలవుతాయి, అక్కణ్ణుంచి కాయ రైతు మాట వినదు. రంగు తిరిగిన కాయను రెండు మూడు రోజులకోసారి కొయ్యాల్సిందే. దూరం పోయే లారీకి దోరకాయ, దగ్గరి ఊళ్లకు పండు. ఏరి, బాక్సులకెత్తి, మార్కెట్లో దించాలి. ధర నచ్చకపోతే వెనక్కి తెచ్చి ఇంట్లో వేసుకోవడానికి అదేం శెనక్కాయల మూట కాదు. ఇచ్చిన ధరకు ఇచ్చి రావాలి, లేదా దారిలో పారబోసి రావాలి. ఆ జులైలో 200 పలికిన కాయ సెప్టెంబరుకల్లా పది రూపాయల దరికి దిగింది.

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో సంగతి వేరు. 1983లో పి.వి.సతీశ్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, ఒకే చెలకలో జొన్న, సజ్జ, కంది, పెసర, మినుము, అనుములు, బెబ్బర్లు, నువ్వులు కలిపి వేస్తారు. పెసర ముందే చేతికొస్తుంది, సజ్జ ఆ తరవాత, కంది సంక్రాంతి దాకా చేలోనే నిలబడుతుంది. ఒక వాన తప్పితే ఒక పంట పోతుంది, చేను పోదు. మనం కలుపని పీకేసే గునుగు, తుమ్మి అక్కడ కూరలు. రబీలో నీటి తడి లేకుండా నల్లరేగడి తేమకూ మంచుకూ పండే కుసుమ, శనగలాంటివాటిని వాళ్లు సత్యం పంటలంటారు. విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టలో పోసి, పైన మట్టితో అలికి దాచుకుంటారు. వచ్చే ఏడు ఆ బుట్ట పగలగొడితే చాలు, నర్సరీకి పోనక్కర్లేదు.

ఇక్కడితో ఆపేసి, టమాటా రైతు ఆశపోతు, చిరుధాన్యాల రైతు ధర్మాత్మురాలు అని తేల్చేసే వ్యాసాలు చాలానే చదివాను. నాకు అవి మింగుడుపడవు. జహీరాబాద్‌లోనే బోరున్న రైతు చెరకు, ఆలుగడ్డ, అల్లం వేస్తాడు. మదనపల్లె వైపు వానను నమ్ముకున్న శెనక్కాయ చేలల్లో కంది, అలసంద, అనప సాళ్లు వేసేవాళ్లు. మన పితికిపప్పు రుచంతా ఆ సాళ్ల చలవే. కాబట్టి తేడా మనుషుల గుణంలో లేదు. నీళ్లలో కొంత ఉంది, అప్పులో ఇంకా ఎక్కువ ఉంది.

టమాటా రైతుకు పెట్టుబడి చాలాసార్లు మండీ యజమాని ఇచ్చే అడ్వాన్సే. దాంతోపాటు కాగితం మీద లేని షరతు ఒకటి వస్తుంది: కాయ ఆ మండీకే తోలాలి. అప్పిచ్చినవాడి గడప ముందే వేలం, అక్కడే కమీషను, అక్కడే తరుగు, కూలీ, బాడుగ. జహీరాబాద్ సంఘాలూ అప్పుతోనే మొదలుపెట్టాయి. రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక జొన్న వెనకబడి చెలకలు బీడు పడ్డాయన్నది వాళ్ల వాదన. తొంభైల్లో ఆ బీళ్లు దున్నుకోవడానికి సంఘం అప్పిచ్చింది. తీర్చాల్సింది డబ్బుగా కాదు, కొన్నేళ్లపాటు జొన్నలుగా. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, ఇళ్లల్లో గింజలు నిండుకునే నెలల్లో పేదవాళ్లకు తక్కువ ధరకు అమ్మారు. తీర్చిన అప్పు ఊరు దాటలేదు. పైగా గింజ ఆగుతుంది, కాయ ఆగదు. ఆగలేని సరుకుతో అప్పు తీర్చేవాడికి బేరమాడే గొంతు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అయితే జహీరాబాద్‌ను మెచ్చుకునేవాళ్లు దాటవేసే మాట ఒకటుంది. ఆస్పత్రి బిల్లు జొన్నల్లో కట్టించుకోరు. అన్ని పంటలు కలిపి వేస్తే కోతలూ అన్నిసార్లు, ఆ భారమంతా ఆడవాళ్ల నడుముల మీదే. కొర్రలు దంచడం ఇంకో చాకిరీ. 2023 వేసవిలో టమాటా నాటి, జులైలో కాయ చేతికొచ్చిన రైతు ఒక్క పంటతో బోరు అప్పు తీర్చేశాడంటే నమ్మొచ్చు. సజ్జతో ఆ పని కాదు. ఆ ఆశను జూదమని ఈసడించడం నెల తిరిగేసరికి జీతం పడే మనకు తేలిక.

ప్రభుత్వాలు ఎప్పుడు కదులుతాయో కూడా చూడాలి. టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 2018 కేంద్ర బడ్జెట్లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. 2023లో ధర పెరగగానే ఆంధ్రప్రదేశ్ రైతు బజార్లలో కిలో 50కే అమ్మించారు, మంచిదే. పడిపోయినప్పుడు మాత్రం ఆ చురుకుదనం కనబడలేదు. జొన్నకు కనీస మద్దతు ధర ఉంది, టమాటాకు అదీ లేదు.

మదనపల్లె రైతును కొర్రలు వేసుకోమని చెప్పడం దండగ. జహీరాబాద్ నుంచి అక్కడికి తీసుకెళ్లాల్సింది విత్తనం కాదు, సంఘం అప్పు. టమాటాను ఏ సంఘమూ గాదెలో దాచలేదు, నిజమే. కానీ మండీ అడ్వాన్సు మెడ మీద లేకపోతే, దగ్గర్లోనే కోలారు మార్కెట్టు ఉంది. చేతిలో సొంత పెట్టుబడి ఉన్న రైతు రెండుచోట్లా ధర ఫోన్లో కనుక్కుని, ఎక్కువున్న వైపు బండి తిప్పుకోగలడు. అడ్వాన్సు తీసుకున్న పక్క చేను రైతుకు ఆ ఫోను చేసినా లాభం లేదు.