బ్రౌజరు అనుబంధములు: గుణదోష విచారణ

వార్తాపత్రికలోని ప్రకటన కాగితముమీద తన చోటున తాను పడియుండును. మనము వార్త చదువుచుండగా అది లేచివచ్చి అక్షరములకు అడ్డము నిలువదు. మనమేమి చదివితిమో గుర్తుపెట్టుకొని మరొకరికి చేరవేయదు. వెబ్ పుటలోని ప్రకటన ఈ రెండు పనులను కూడ చేయగలదు. కిరణజన్యసంయోగక్రియను గూర్చి చదువుటకు పుట తెరచిన విద్యార్థి, ముందుగా రెండు మూడు పెట్టెలను మూసి, తనంతట తాను మ్రోగు వీడియోను ఆపి, ఆ తరువాతగాని పాఠమును చేరలేకున్నాడు.

ఈ బాధను తగ్గించుకొనుటకు బ్రౌజరునకు తగిలించుకొను చిన్న ప్రోగ్రాములను ఆడ్-ఆన్‌లు, లేక ఎక్స్‌టెన్షన్‌లు అందురు. వీనిని మనము అనుబంధములని పిలుచుకొందము. ఇవి నిజముగా మేలు చేయుచున్నవా? చేసినచో ఏమి వెల తీసికొనుచున్నవి? అను ప్రశ్నలే ఇచట విచార్యములు.

మొదట అవి పనిచేయు విధము చూతము. మనమొక పుట కోరగానే బ్రౌజరు ఆ పుటను మాత్రమే తెచ్చి ఊరకుండదు. ఆ పుటలో వ్రాసియున్న ఆదేశముల ప్రకారము బొమ్మలు, లిపులు, ప్రోగ్రాము ముక్కలు మొదలగువానిని వేరువేరు కంప్యూటర్లనుండి అడిగి తెచ్చును. ఇందులో కొన్ని పాఠమునకు సంబంధించినవి. కొన్ని ప్రకటనల వ్యాపారులవి. ప్రకటనలను ఆపు అనుబంధము ప్రతి కోరికను బయటకు పోకముందే ఒక పట్టికతో పోల్చి, నిషిద్ధమైనచో అక్కడనే ఆపివేయును. రాని ప్రకటనకు డేటా ఖర్చు లేదు, కాలవ్యయము లేదు, వెంబడించుటయు లేదు.

ఈ జాతిలో రేమండ్ హిల్ వ్రాసిన యూబ్లాక్ ఆరిజిన్ మేలైనది. 2014లో యూబ్లాక్ అను పేర వెలువడిన ప్రోగ్రామునుండి ఇది 2015లో వేరుపడినది. దీని మూలరచన ఎవరైనను చదువుకొనవచ్చును. కర్త విరాళములు సహితము స్వీకరించుట లేదు. ఇది వాడు పట్టికలలో ముఖ్యమైన ఈజీలిస్టు 2005లో ఆరంభమై, నేటికిని ఔత్సాహికుల శ్రమచే నిలిచియున్నది. ఆండ్రాయిడు ఫోనులోని ఫైర్‌ఫాక్సులో కూడ యూబ్లాక్ ఆరిజిన్ పనిచేయును. కంప్యూటరు లేక ఫోనులోనే చదువుకొను పిల్లలకు ఇది గమనింపదగిన విషయము.

అనుబంధముల మేలు ప్రకటనలతోనే ముగియదు. ఒకప్పుడు తెలుగు పత్రికలు పెక్కు యూనికోడును వాడక, ఎవరి ఫాంటు వారిదిగా పుటలు ప్రచురించెడివి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగునకు బదులు పిచ్చిగీతలు కనబడెడివి. ఆ కాలమున పద్మ అను అనుబంధము అట్టి పుటలను ఫైర్‌ఫాక్సులో యూనికోడునకు మార్చి చూపి తెలుగు చదువరులకు గొప్ప ఉపకారము చేసినది. పత్రికలు చేయవలసిన పనిని చదువరుల పక్షమున ఒక అనుబంధము చేసినది.

ఇక దోషములు. మొదటిది నమ్మకమునకు సంబంధించినది. పుట రంగును ముదురుచేసి కంటికి హాయి కలిగించు సామాన్యమైన అనుబంధము సైతము అన్ని పుటలను చదువుటకు, మార్చుటకు అనుమతి కోరును. ఆ అనుమతి లేనిదే అది పని చేయలేదు; ఆ అనుమతితో అది ఏ పనియైనను చేయగలదు. ది గ్రేట్ సస్పెండర్ అను అనుబంధమును లక్షలమంది వాడుచుండిరి. 2020లో అది చేతులు మారినది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిని హానికరమైనదని తొలగించినది. వాడుకరులు కొత్తగా దేనిని స్థాపించుకొనలేదు. తాము నమ్మినదే లోలోపల మారిపోయినది. మంచి అనుబంధము ఎల్లకాలము మంచిదిగనే యుండునను హామీ లేదు.

రెండవది ధనసంబంధమైనది. ఆడ్‌బ్లాక్ ప్లస్ అను అనుబంధము 2011లో కొన్ని ప్రకటనలు అంగీకారయోగ్యములని విడిచిపెట్టు పద్ధతిని ప్రవేశపెట్టినది. ఈ పద్ధతిలో పెద్ద సంస్థలనుండి రుసుము కూడ తీసికొనుచున్నారు. నిబంధనలు ఎంత న్యాయమైనవైనను, కావలివాడు దారిన పోవువారివద్ద జీతము పుచ్చుకొనుట ఇంటివారికి రుచింపదు.

మూడవది అన్నిటికంటె పెద్దది: అనుబంధము బ్రౌజరు దయమీద బ్రతుకును. క్రోమ్ అనుబంధములకు మానిఫెస్టు 3 అను కొత్త నియమావళిని గూగుల్ 2018లో ప్రతిపాదించి, 2024 నుండి అమలుపరచి, 2025లో పాత పద్ధతి అనుబంధములను నిలిపివేసినది. పాత పద్ధతిలో కావలివాడు వచ్చిన ప్రతివానిని స్వయముగా పరీక్షించును. కొత్త పద్ధతిలో అతడొక జాబితా వ్రాసి ఇచ్చి తప్పుకొనవలెను; ద్వారముకడ నిర్ణయము బ్రౌజరుది. అందువలన యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో ఆగిపోయి, శక్తి తగ్గిన లైట్ అను రూపము మిగిలినది. ఫైర్‌ఫాక్సు పాత శక్తిని నిలిపియుంచినది.

వాడుకరుల రక్షణకే ఈ మార్పు అని గూగుల్ చెప్పినది. ఈ వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. పైన చెప్పిన మొదటి దోషమే దానికి సాక్ష్యము. కాని కొత్త నియమములలో అనుబంధము కోరికలను ఆపు శక్తి తగ్గినదే గాని, అనుమతి పొందినచో వానిని గమనించు శక్తి పోలేదు. దొంగచూపు అట్లేయుండగా కావలికర్రను మాత్రము తీసికొన్నట్లయినది. గూగుల్ మాతృసంస్థ ఆదాయములో అధికభాగము ప్రకటనలనుండియే వచ్చుచున్నదని ఇచట గుర్తుంచుకొనుట అన్యాయము కాదు.

ప్రకటనలు ఆపినచో పత్రికలు ఎట్లు బ్రతుకును అను ఆక్షేపణ కలదు. అది బలమైనదే. కాని అచ్చుపత్రిక ప్రకటనలతోనే దీర్ఘకాలము బ్రతికినది. చదువరిని వెంబడించి కాదు. పైగా ప్రకటనల చాటున మోసగాండ్రును చేరుచున్నారు. శోధనఫలితములలో అట్టి మోసపు ప్రకటనలను గూర్చి 2022 డిసెంబరులో హెచ్చరించుచు, అమెరికా ఎఫ్‌బీఐ సంస్థయే ప్రకటనలను ఆపు అనుబంధము వాడుమని ప్రజలకు సలహా ఇచ్చినది. మనకు నచ్చిన పత్రిక వరకు నిషేధమును సడలించు సౌకర్యము అనుబంధములోనే కలదు. దానిని వాడుట మన ధర్మము.

కాబట్టి మా అభిప్రాయమిది. అనుబంధము మందువంటిది, ఆహారము కాదు. ఒకటి రెండు చాలును. మూలరచన బయటపెట్టినవానినే ఎన్నుకొనవలెను. కోరు అనుమతికిని చేయు పనికిని పొంతన లేనిచో విడిచిపెట్టవలెను. వాడనివానిని తొలగించవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ చిన్న ప్రయోగము చేయింపవచ్చును. కంప్యూటరు బ్రౌజరులో ఎఫ్12 మీట నొక్కి, నెట్‌వర్క్ అను విభాగమున, దాచియుంచిన ప్రతులను వాడవద్దని గుర్తుపెట్టి, ఒక వార్తాపుటను తెరువుడు. ఎంత డేటా వచ్చినదో వ్రాసికొనుడు. అనుబంధము తగిలించి మరల తెరువుడు. ఇట్లు ఐదారు పుటలకు చేసి, రెండు అంకెలను పక్కపక్కన పట్టికగా వేయుడు. ఆ భేదములో ఎంత భాగము పాఠమునకు అవసరమైనది, ఎంత అనవసరమైనది అని విద్యార్థులే తీర్పు చెప్పగలరు.