తిన్నింటి వాసాలు లెక్కపెట్టాల్సిందే

అణగారిన కులంలోనో జాతిలోనో పుట్టిన మనిషి టీవీ తెర మీద కనిపించగానే, ఆ మనిషిని తూచడానికి సమాజం దగ్గర రెండు తక్కెడలు తయారుగా ఉంటాయి. సంపాదనలో కొంత తీసి పేదపిల్లల చదువుకిస్తే 'ఎంత మంచి మనసు' అంటారు. అదే మనిషి తాను పనిచేసే సంస్థలో పక్షపాతం ఉందని నోరు విప్పితే 'తిన్నింటి వాసాలు లెక్కపెడుతోంది' అంటారు. సేవకు చప్పట్లు, విమర్శకు శిక్ష. ఈ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులన్నట్టు మాట్లాడటం వెనక ఒక రాజకీయం ఉంది. దాన్ని విప్పి చూడటానికి అమెరికా టీవీ జర్నలిస్టు కేరోల్ సింప్సన్ అనుభవం మనకు పనికొస్తుందని మేం అనుకుంటున్నాం.

మధ్యలో అమెరికా ఎందుకని అడిగేవాళ్లుంటారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు ఆ పేరే అక్కణ్ణించి వచ్చింది. అయితే జాతీ కులమూ ఒకటి కావు. రంగు కంటికి కనబడుతుంది. కులాన్ని ఊరడిగి, పేరడిగి, వాడ అడిగి రాబడతారు. కానీ ఏది వార్త, అది ఎవరి నోట రావాలి అని తేల్చే పెత్తనం మాత్రం రెండు చోట్లా చాలావరకు ఒకే తీరుగా నడుస్తుంది. పోల్చి చూడాల్సింది ఆ పెత్తనాన్ని.

సింప్సన్ కంటే ముందు, ఆమె తర్వాత చేరిన ఏబీసీ నెట్‌వర్క్‌లోనే యాంకర్‌గా ఉన్న మాక్స్ రాబిన్సన్ గురించి చెప్పుకోవాలి. 1959లో వర్జీనియా రాష్ట్రం పోర్ట్స్‌మత్‌లో ఒక టీవీ స్టేషన్ ఆయన్ని వార్తలు చదవడానికి పెట్టుకుంది. ఆయన చదువుతున్నంతసేపూ తెర మీద స్టేషన్ పేరున్న స్లైడు ఉండేది. గొంతు పనికొచ్చింది, నల్లముఖం పనికిరాలేదు. ఒకరోజు ఇంట్లోవాళ్లు చూస్తారని ఆయన ఆ స్లైడు తీయించాడు. మర్నాడు ఉద్యోగం పోయింది. డప్పు చప్పుడు గుడి దాకా రావాలి, డప్పు కొట్టేవాడు మాత్రం గుడి బయటే ఉండాలి అనే ఊళ్లల్లో పుట్టిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ స్లైడు తొలగింది ఎవరి దయవల్లా కాదు. 1967 వేసవిలో నల్లవాళ్ల పేటలు భగ్గుమన్నాయి. దానిమీద అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ 1968లో ఇచ్చిన నివేదికలో పత్రికలకూ టీవీకీ ఒక అధ్యాయమే కేటాయించింది. వార్తలు రాసే, దిద్దే పనుల్లో నల్లవాళ్లు 5 శాతం కూడా లేరనీ, సంపాదకుల్లో, పర్యవేక్షకుల్లో 1 శాతం కూడా లేరనీ, ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది నల్లవాళ్ల సొంత పత్రికల్లోనే ఉన్నారనీ తేల్చింది. వీధి కదిలాకనే న్యూస్‌రూం తలుపు కొద్దిగా తెరుచుకుంది.

1978లో ఏబీసీ తన సాయంత్రం వార్తలకు ముగ్గురు యాంకర్లను పెట్టినప్పుడు అందులో రాబిన్సన్ ఒకడు. అమెరికా జాతీయ నెట్‌వర్క్ సాయంత్రం వార్తలకు యాంకరైన మొదటి నల్లవాడు ఆయనే. 1981లో స్మిత్ కాలేజీలో మాట్లాడుతూ, రీగన్ ప్రమాణ స్వీకారం, ఇరాన్‌లో బందీలైనవాళ్ల విడుదల లాంటి పెద్ద వార్తల నుంచి తనని పక్కన పెట్టారనీ, నెట్‌వర్క్ వార్తల్లో జాతివివక్ష ఉందనీ బహిరంగంగా అన్నాడు. సంస్థ పెద్దలు సంజాయిషీ అడిగారు. 1983లో ఆయన్ని వారాంతపు వార్తలకు దించారు, 1984లో ఏబీసీ నుంచి బయటికొచ్చాడు. ఆయన తాగుడూ, పనికి సరిగ్గా రాకపోవడమూ కూడా ఇందుకు కారణాలుగా చెప్పారు. ఒక్క ప్రసంగమే ఆయన్ని దించేసిందని మేం అనం. కానీ ప్రతి తప్పుకూ జాతి మొత్తాన్ని బోనెక్కించే చోట ఒంటరిగా కూర్చోవడం మనిషినేం చేస్తుందో ఆ జీవితం చెబుతుంది. 1988లో ఎయిడ్స్‌తో చనిపోతూ, తన చావునైనా నల్లవాళ్లకు ఆ జబ్బు గురించి చెప్పడానికి వాడమని కోరుకున్నాడు. వాషింగ్టన్‌లో నల్లవాళ్లుండే అనకోస్టియా పేటలో 1993లో తెరిచిన వైద్యకేంద్రానికి ఆయన పేరే పెట్టారు. బతికుండగా చేసిన విమర్శను మింగలేనివాళ్లు కూడా ఈ ఆఖరి సేవను మెచ్చుకున్నారు.

ఇక సింప్సన్. షికాగోలో నల్లవాళ్లింట్లో పుట్టింది. జర్నలిజం చదువుతానంటే ఇంగ్లీషు టీచరువి కమ్మన్న సలహాలు విన్నది. 1962లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా తెచ్చుకున్నా పత్రికల్లో ఉద్యోగం రాలేదు. అలబామాలో నల్లవాళ్ల విద్యాసంస్థ టస్కిగీలో పని దొరికింది. తర్వాత షికాగో రేడియో, షికాగో టీవీ, ఎన్‌బీసీ, 1982లో ఏబీసీ. 1988 నుంచి 2003 దాకా ఏబీసీ వారాంతపు సాయంత్రం వార్తల యాంకర్. నల్లజాతి స్త్రీ ఆ కుర్చీలో కూర్చోవడం అమెరికా నెట్‌వర్కుల చరిత్రలో అదే మొదలు.

ఆ కుర్చీ దక్కడానికి మూడేళ్ల ముందు జరిగిన సంగతి ముఖ్యమైంది. 1985లో బార్బరా వాల్టర్స్ గౌరవార్థం ఒక విందు జరిగింది. వార్తావిభాగం అధిపతి రూన్ ఆర్లెడ్జ్ కూడా వచ్చాడు. సింప్సన్ లేచి మహిళా ఉద్యోగుల తరఫున లెక్కలు చదివింది. తెర మీద ఆడవాళ్లు చెప్పే వార్తలెన్ని, పెద్ద ఉద్యోగాల్లో ఆడవాళ్లెందరు అని. చూడండి, అక్షరాలా తిన్నింట్లోనే కూర్చుని వాసాలు లెక్కపెట్టింది! 'మాకు అన్యాయం జరుగుతోంది' అని ఊరికే వాపోతే సముదాయించి పంపేవాళ్లు. అంకెల్ని సముదాయించడం కష్టం. అప్పటిదాకా మాట్లాడని యాజమాన్యం కదిలింది. ఆడవాళ్ల తరఫున ఆ లెక్క చదివింది నల్లజాతి స్త్రీ అన్న విషయం మన మహిళా ఉద్యమాలు కూడా గుర్తుపెట్టుకోవాలి. రెండు వైపుల నుంచీ దెబ్బలు తిన్న మనిషికి ఇంటి కప్పు ఎక్కడెక్కడ కారుతుందో బాగా తెలుస్తుంది.

1992 అక్టోబర్ 15న వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో బుష్, క్లింటన్, పెరోల మధ్య జరిగిన అధ్యక్ష ఎన్నికల చర్చను సింప్సన్ నడిపింది. మాక్స్ రాబిన్సన్ పుట్టిన ఊరది. ఆయన ముఖాన్ని స్లైడు కింద దాచిన రాష్ట్రమది. 33 ఏళ్లకు అక్కడే ఒక నల్లజాతి స్త్రీ ముఖం దేశమంతా చూసింది. ఇది విజయమే, సందేహం లేదు. కానీ ఆ చర్చలో ప్రశ్నలడిగింది సభలో కూర్చున్న ఓటర్లు; ఆమె పని వాళ్ల దగ్గరికి మైకు తీసుకెళ్లడం, చర్చను అదుపులో ఉంచడం. ముఖం కనిపించడం వేరు, ప్రశ్న మన చేతిలో ఉండటం వేరు. స్లైడు తీసేసినంత మాత్రాన పెత్తనం పోదు.

2003లో ఆమెను ఆదివారం వార్తల కుర్చీ నుంచి తప్పించి, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వార్తలెలా చూడాలో చెప్పే 'రాయబారి' పని అప్పగించారు. పిల్లలకు చెప్పే పని చిన్నదని మేం అనం. దాన్ని ఆమె శ్రద్ధగా చేసింది. 2006లో సంస్థ నుంచి వచ్చేశాక బోస్టన్‌లో ఎమర్సన్ కాలేజీలో పాఠాలూ చెప్పింది. కానీ వార్తను నడిపే చోటు నుంచి మంచిపనులు చేసే చోటుకు మనిషిని జరపడం ఎంత సులువో చూడండి. మన దగ్గర కూడా దళిత అధికారికి సంక్షేమశాఖ చూపిస్తారు, దళిత జర్నలిస్టుకు దళితవాడ వార్తలు మాత్రమే చూపిస్తారు. ఆర్థికం, విదేశాంగం, సంపాదకీయం మాత్రం చుట్టాల మధ్యనే తిరుగుతాయి.

ఇప్పుడు ఆమె దాతృత్వం సంగతి. టీవీ, రేడియో జర్నలిజం చదివే నల్లవాళ్లకూ ఇతర మైనారిటీ పిల్లలకూ ఆమె పేర స్కాలర్‌షిప్ ఉంది. సెనెగల్ రాజధాని డకార్‌లో ఆఫ్రికా మహిళా జర్నలిస్టులకు నాయకత్వ శిక్షణ కూడా ఆమె పేర నడిచింది. దీన్ని మేం దానధర్మం కింద జమకట్టం. దానం చేసేవాడు తీసుకునేవాణ్ణి తనకంటే కింద నిలబెడతాడు. ఆమె చేసింది తన పక్క కుర్చీలోకి మనుషుల్ని తయారుచేయడం. 1985లో చదివిన లెక్కకు ఇది కొనసాగింపు. అక్కడ ఎంతమంది లేరో చెప్పింది, ఇక్కడ వాళ్లని పంపే ఏర్పాటు చేసింది. విమర్శని వదిలేసి సేవనొక్కదాన్నే పొగిడేవాళ్లు ఆ సేవకున్న పదునుని విరిచేస్తున్నారు.

అయినా ఒక మాట అనక తప్పదు. స్కాలర్‌షిప్ తలుపు దాకా తీసుకెళ్తుంది. లోపల కుర్చీ వేయదు. ఇది మనకు అంబేడ్కర్ జీవితమే నేర్పింది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 1917లో బరోడా కొలువులో చేరితే ఏం జరిగింది? అంటుకుంటుందని నౌకర్లు ఫైళ్లు దూరం నుంచి విసిరారు, ఉండటానికి ఇల్లు దొరకలేదు. రాజు మంచివాడే, ఆఫీసు మారలేదు. అందుకే 1942లో వైస్రాయికి ఇచ్చిన విజ్ఞాపనలో అంబేడ్కర్ ఇంకో దయగల రాజు కోసం వెతకలేదు. షెడ్యూల్డ్ కులాల పిల్లల ఉన్నత చదువుకు, విదేశీ చదువుకు ప్రభుత్వ ఖజానా నుంచి డబ్బు అడిగాడు, ఉద్యోగాల్లో వాటా అడిగాడు. దాతృత్వాన్ని హక్కుగా మార్చడమంటే అది. సింప్సన్ స్కాలర్‌షిప్పునైనా, రేపు మనవాళ్లు పెట్టే నిధినైనా ఈ గీటురాయి మీదే చూడాలి: సంస్థ చేయాల్సిన పనికి సంస్థని నిలదీయడానికి అది బలమిస్తోందా, లేక సంస్థ బాధ్యతని ఒక మంచిమనిషి జేబు మీదికి నెట్టేస్తోందా?

అమెరికా నల్లవాళ్లు ఒంటరి మంచితనం మీద ఆధారపడలేదు. 1975లో 44 మంది కూడి నల్లజాతి జర్నలిస్టుల జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ స్థాపకుల్లో మాక్స్ రాబిన్సన్ కూడా ఉన్నాడు. లోపల ఒకరు మాట్లాడాలంటే బయట పదిమంది నిలబడాలి.

మన దగ్గర లేనివాళ్లని లెక్కపెట్టడం మొదలైంది కూడా ఒక నల్లజాతి జర్నలిస్టు అడిగిన ప్రశ్నతోనే. 1996లో వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ విలేకరి కెనెత్ కూపర్, కాన్షీరాంకూ విలేకరులకూ జరిగిన గొడవ మీద ఒక దళిత జర్నలిస్టు అభిప్రాయం కావాలని బి.ఎన్. ఉనియాల్‌ని అడిగాడు. ఉనియాల్ వెతికాడు. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది జాబితా తిరగేసినా ఒక్క దళితుణ్ణి చూపించలేకపోయాడు. తనకే ఇన్నాళ్లూ ఆ ప్రశ్న తట్టలేదని 1996 నవంబర్ 16న పయనీర్ పత్రికలో రాశాడు. 23 ఏళ్ల తర్వాత, 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాలు చూస్తే 106 అగ్రకులాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. మధ్యలో ఎన్ని చానళ్లు పుట్టాయో, ఎన్ని సహాయనిధులు తెరిచారో! కప్పు మారింది, వాసాలు మాత్రం పాతవే.

1920లో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెట్టినప్పుడు డబ్బిస్తామన్నా ప్రకటన వేయడానికి 'కేసరి' ఒప్పుకోలేదు. అందుకే సొంత పత్రిక కావాలన్న మాట ఈనాటికీ నిజమే. కారంచేడు, చుండూరుల తర్వాత తెలుగులో మనవాళ్లు తెచ్చిన పత్రికల విలువ ఈ పాఠకులకు చెప్పక్కర్లేదు. అయితే సొంత పత్రిక ఉంది కదా అని పెద్ద చానళ్లను వాళ్లకే వదిలేయడం సరికాదు. మన ఊళ్లో జనం చూసేవి అవే. మనల్ని చూపించేవీ, చూపించకుండా దాచేవీ అవే.

అందుకని జర్నలిజం చదివే విద్యార్థుల్ని, చెప్పే టీచర్లని, సంఘాల్లో పనిచేసేవాళ్లని మేం కోరేది ఒకటుంది. మీ జిల్లాలో జనం ఎక్కువగా చూసే ఒక తెలుగు చానల్‌ని ఒక వారం పాటు కూర్చుని చూడండి. వార్త చదివిందెవరు, చర్చ నడిపిందెవరు, నిపుణుడని పిలిచిందెవర్ని, దళితవాడ ఏ రోజు కనిపించింది, హత్య జరిగితేనా లేక మామూలు రోజున కూడానా — రాసిపెట్టండి. లోపల పనిచేసే మనవాళ్లని పేరు బయటపెట్టకుండా అడిగి, నిర్ణయాలు తీసుకునే కుర్చీల్లో ఎవరున్నారో కనుక్కోండి. ఆ లెక్కని యాజమాన్యం ముందు పెట్టండి, అచ్చు వేయండి, సభల్లో చదవండి. స్కాలర్‌షిప్పులూ పెడదాం, పిల్లల్ని చదివిద్దాం. కానీ ఆ పిల్లలు రేపు న్యూస్‌రూంలో అడుగుపెట్టేటప్పటికి ఈ లెక్క వాళ్ల చేతిలో ఉండాలి.