ఎఫ్ కార్డు దగ్గర ఆగిన వేళ్లు

లాల్‌దర్వాజా బోనాలైన మర్నాడు మా తమ్ముడి కూతురు గిటారు సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకముందే ఎడమచెయ్యి చాపింది. చూపుడువేలి పక్కన తీగలు దిగిన గీతలు, ఎర్రగా. "అత్తా, నాలుగు నెలలాయె. సీ వస్తుంది, జీ వస్తుంది. ఎఫ్ మాత్రం వస్తలేదు. నా వేళ్లు పొట్టిగున్నయట" అంది. ఆ చివరి మాట దగ్గర దాని గొంతు తగ్గింది.

1994లో నాకూ ఈ మాటే చెప్పారు. ఈ పాతబస్తీలోనే ఒక దుకాణంలో చవకలో కొన్న గిటారు. ఆరు నెలలు వేళ్ల కొసలు కాయలు కాసేదాకా వాయించాను. ఎఫ్ దగ్గరికి వచ్చేసరికి ఒక తీగ పలికితే రెండు మూగబోయేవి. నా చెయ్యి దీనికి పనికిరాదని నమ్మి గిటారును అటక మీద పెట్టేశాను. అది పొరపాటు నమ్మకమని తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది.

కార్డు అంటే కొన్ని స్వరాలను ఒకేసారి పలికించడం. ఎఫ్ కార్డు పట్టాలంటే చూపుడువేలును మొదటి మెట్టు (ఫ్రెట్) దగ్గర తీగలన్నిటి మీదా అడ్డంగా పరచాలి. వేలు అంతటా సమంగా ఉండే కర్ర కాదు. కీళ్ల ముడతల దగ్గర పల్లం, వాటి మధ్య ఎత్తు. ఆ పల్లంలో పడ్డ తీగ మోగదు. పైగా మొదటి మెట్టు మెడ చివరన ఉంటుంది, అక్కడ తీగను నొక్కడం అన్నిటికంటే కష్టం. ఆ చివర తీగలు కూర్చునే చిన్న పట్టీని నట్ అంటారు. దాని గాళ్లు సరిపడా లోతుకు కోయకపోతే తీగ మెట్టుకు బాగా ఎత్తులో నిలబడుతుంది. అప్పుడు పెద్ద పహిల్వానుకైనా ఎఫ్ శుభ్రంగా పలకదు.

పిల్లను వెంటబెట్టుకుని శాలిబండ వైపు గల్లీలో హార్మోనియంలు, బాంజోలు బాగుచేసే చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన గిటారును ఒళ్లో పెట్టుకుని, మొదటి తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి, మొదటి మెట్టు మీద తీగ కింద ఎంత సందుందో చూశాడు. ఆ సందు వెంట్రుకంత ఉంటే చాలు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క అందులో దూరిపోయింది. చాచా తల పైకెత్తి, "ఉంగ్లీ మే నుక్స్ నై బేటా, లక్డీ మే హై" అన్నాడు. లోపం వేళ్లలో లేదు, కర్రలో ఉంది. పిల్ల నా వంక చూసిన చూపు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఆయన సన్నటి ఆకురాయితో గాళ్లు దింపుతుంటే పిల్ల మెడ మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తోంది. నడుమ ఆనింది, రెండంచుల దగ్గరా వెలుతురు కనిపించింది. "ఇది వంకరగ ఉందేంది అత్తా?" అని అడిగింది. చాలామంది ఏళ్ల తరబడి వాయించి కూడా అడగని ప్రశ్న అది.

అది వంకర కాదు, కావాలని ఇచ్చిన వంపు. మెట్లు బిగించిన చెక్కను ఫ్రెట్‌బోర్డు అంటారు. దాని పైభాగాన్ని ఒక పెద్ద వృత్తం మీది ముక్కగా ఊహించుకోవాలి. ఆ వృత్తానికి వ్యాసార్ధం ఎంతో చెప్పే అంకెనే రేడియస్ అంటారు. పాతకాలపు ఫెండర్ గిటార్లకు 7.25 అంగుళాలు, గిబ్సన్‌లకు 12, మార్టిన్ అకూస్టిక్‌లకు 16. అంకె చిన్నదైతే గుండ్రదనం ఎక్కువ. నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు మామూలుగా వంపే ఉండదు, బల్లపరుపు.

గుండ్రటి బోర్డు వేలి సహజమైన వంపుకు దగ్గరగా ఉంటుంది కనుక కార్డులు పట్టడం సులువు. బొటనవేలును మెడ పైనుంచి చుట్టేసి వాయించేవాళ్లకు ఇదే హాయి. కానీ దాని మీద తీగను పక్కకు లాగి స్వరం పెంచబోతే చిక్కొస్తుంది. లాగిన తీగ వంపు నడిమి ఎత్తు మీదికి ఎక్కుతుంది, ముందున్న మెట్లకు తగులుతుంది, స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. అందుకే సోలోలు వాయించేవాళ్లు చదునైన బోర్డు కోరుకుంటారు. నట్ దగ్గర గుండ్రంగా మొదలై, కిందికి పోయేకొద్దీ చదునయ్యే బోర్డులూ ఉన్నాయి. తీగలు మెడ చివర దగ్గరదగ్గరగా, గిటారు డొల్ల మీద అవి కట్టి ఉండే బ్రిడ్జి దగ్గర ఎడంగా ఉంటాయి కదా, అంటే అవి పరుచుకున్న ఆకారమే శంకువు ముక్క. బోర్డునూ అలాగే చెక్కడం నాకు చాలా అందమైన ఆలోచనగా తోస్తుంది.

మెట్లు, వాటి ఎత్తు, చెయ్యి, ఈ మూడింటి సంగతి మాకు గిటారుకంటే ముందే తెలిసి ఉండాల్సింది. మా అమ్మ వీణ వాయిస్తుంది. వీణ మెట్లు మైనం మీద నిలబడతాయి, 24 మెట్లు. ఎండాకాలంలో మైనం మెత్తబడి మెట్టు జరిగితే స్వరం తప్పుతుంది. అప్పుడు మెట్లు కట్టే ఆయన ఇంటికొచ్చి, ముందు అమ్మను వాయించమని కూర్చుని వినేవాడు. ఆమె వేలు ఎక్కడ ఆగుతోందో, ఎంత బలంతో లాగుతోందో చూసి, మైనం వెచ్చబెట్టి మెట్టును సర్దేవాడు. వాద్యం మనిషికి కుదరాలన్నది ఆ ఇంట్లో ఎవరూ విడిగా చెప్పనక్కరలేని సంగతి. అదే ఇంట్లో నేను గిటారు పట్టుకుని నా చేతిని తప్పుపట్టుకున్నాను.

వీణలో ఇంకో విశేషం. తీగ మైనం కంటే బాగా ఎత్తున ఉంటుంది, నొక్కిన వేలు కిందికి పోయి కర్రకు తగలదు. మెట్టు అడ్డంగా చదును. అందుకే ఒకే మెట్టు మీద తీగను లాగి మూడు నాలుగు స్వరాలు పలికించగలరు. గమకానికి ఆ నిర్మాణమే ఆధారం. 1970లలో శక్తి అనే సంగీత బృందంతో వాయించిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చుకున్నవాడు. ఆయన కోసం చేసిన గిటారులో మెట్ల మధ్య కర్రను దోనెల్లా తొలిచారు, వేలు కర్రకు ఆనకుండా తీగ లాగడానికి. తర్వాత రిమెంబర్ శక్తి బృందంలో ఆయన పక్కన కూర్చున్నది మన పాలకొల్లు బిడ్డ, మాండొలిన్ శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. రెండేసి తీగలను ఒకేసారి లాగి గమకం పలికించడం కష్టం. శ్రీనివాస్ జతలు వదిలి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. తన సంగీతానికి కావలసినట్టు వాద్యాన్ని మార్చుకున్నాడు. గొప్పవాళ్లు చేసింది ఇదే అయితే, పదమూడేళ్ల పిల్లకు మాత్రం వేళ్లు పొట్టివని ఎందుకు చెబుతాం? నేర్పే గురువు ఎవరైనా పిల్ల చెయ్యి చూడకముందు గిటారు నట్ చూడాలి. ఈ మాట నేను గట్టిగానే అంటాను. అలా మానేసిన పిల్లలు ఈ గల్లీల్లో ఎంతమందో అని తలుచుకుంటే బాధగా ఉంటుంది.

నిజంగానే చిన్న చెయ్యి ఉన్నవాళ్లకు వంపు కంటే మెడ వెడల్పు, తీగ పొడవు ముఖ్యం. క్లాసికల్ గిటారు నట్ దగ్గర 52 మిల్లీమీటర్లు, స్టీలు తీగల గిటారు సుమారు 43. 650 మిల్లీమీటర్ల తీగ ఉన్న గిటారుకూ 628 ఉన్నదానికీ నట్ నుంచి మొదటి మెట్టు దూరంలో తేడా మిల్లీమీటరు పైచిలుకే. కానీ నాలుగు వేళ్లు సాగదీసినప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది.

అరగంటలో చాచా గిటారు తిరిగి ఇచ్చాడు. పిల్ల అక్కడే మోడా మీద కూర్చుని ఎఫ్ పట్టింది. అయిదు తీగలు మోగాయి. రెండో తీగ మూగగా ఉంది. "వేలు కొంచెం పక్కకు తిప్పు, మెత్తటివైపు కాదు, గట్టివైపు ఆనాలె" అన్నాను. మళ్లీ పట్టింది. చాచా పని ఆపి విన్నాడు. "ఏప్రిల్‌ల మళ్ల తీసుకరా" అన్నాడు. మన ఎండలకు బోర్డు కర్ర ఆరి కుంచించుకుపోతుంది, లోహపు మెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చి చేతిని గీరుతాయి. అప్పుడు అంచులు నున్నగా అరగదీయాలి.

ఇంటికి వచ్చాక అమ్మ గిటారు అడిగి తీసుకుంది. వాయించలేదు. బొటనవేలితో మెట్లన్నీ ఒక్కొక్కటిగా తడుముతూ పోయి, పన్నెండో మెట్టు దగ్గర ఆగి, "ఇక్కడ కొంచెం ఎత్తుగుంది, చెప్పినవా ఆయనకు?" అంది.