కార్బరేటర్ వంతు ఆఖరున

పాత బండికి పికప్ తగ్గిందన్నా, స్లోలో ఆగిపోతోందన్నా, దారిలో మిస్ కొడుతోందన్నా షెడ్డులో మొదట వినపడే మాట ఒకటే: కార్బరేటర్ క్లీన్ చెయ్యాలి. గిన్నె విప్పి అడుగున చేరిన మడ్డి చూపించి, గాలి కొట్టి బిగించేస్తే యజమాని కంటికి పని జరిగినట్టే ఉంటుంది. ఏళ్ల నాటి బండి గిన్నె ఎప్పుడు విప్పినా కాస్తో కూస్తో మడ్డి ఉంటుంది. బండి జబ్బుకు అదే కారణమనడానికి అది రుజువు కాదు. 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్ఎక్స్ 100లు, మద్రాసు పోత ఇనుము ఇంజన్ల బుల్లెట్లు, మైసూరు యెజ్డీలు మన రోడ్ల మీద ఇంకా కనిపిస్తున్నాయంటే ఆ పుణ్యం ఈ తొందర వైద్యానిది కాదు. ఆంధ్రలో మేస్త్రీ అన్నా హైదరాబాదులో ఉస్తాద్ అన్నా, పని తెలిసినవాళ్ల దగ్గర కుర్రాళ్లు నేర్చుకునే వరస వేరు. ఆ వరసలో కార్బరేటర్ మీద చెయ్యి పడేది అన్నీ చూశాకే.

అది అలవాటు కొద్దీ వచ్చిన వరస కాదు. ఇంజన్ నడవాలంటే కంప్రెషన్, స్పార్కు, గాలీ పెట్రోలూ సరిపాళ్లలో కలిసిన మిశ్రమం, ఈ మూడూ ఉండాలి. మొదటి రెంటినీ బండి సెట్టింగు ఏదీ చెదరకుండా కాసేపట్లో పరీక్షించవచ్చు. కార్బరేటర్ అలా కాదు. స్క్రూ తిప్పి, నీడిల్ ఎత్తి, జెట్ మార్చాక అంతకుముందు ఏది ఎక్కడుందో చెప్పేవాడుండడు. బలహీనమైన స్పార్కును కప్పిపుచ్చడానికి పెట్రోలు పెంచితే ఒక లోపం ఉన్న బండికి రెండు లోపాలు తయారవుతాయి. పాత బుల్లెట్నే చూడండి. దాని పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. క్యామ్ మీద రాసుకునే మడమ అరిగేకొద్దీ ఆ సందు మూసుకుపోతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి జరుగుతుంది. ఇంజన్ వేడెక్కుతుంది, లాగుడు తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. ఇదంతా నెలల మీద కొంచెం కొంచెంగా జరుగుతుంది గనక యజమాని అలవాటు పడిపోయి, ఒకనాడు హఠాత్తుగా పెట్రోలు ఎక్కువ తాగుతోందంటూ షెడ్డుకు తీసుకొస్తాడు. పెట్రోలు మాట వినగానే అందరి చూపూ కార్బరేటర్ మీదికే పోతుంది. ఫీలర్ గేజీ ఒక్కసారి పెట్టి చూస్తే తేలిపోయే సంగతి ఇది. అసలు ఆ బండిలో పానా పట్టకుండానే చేసే పరీక్ష ఒకటుంది. తాళం ఆన్ చేసి కిక్కర్ మెల్లగా తొక్కుతుంటే, పాయింట్లు కలిసి విడిపోయేకొద్దీ అమ్మీటర్ ముల్లు ఊగుతుంది. ఊగలేదంటే కరెంటు వైపే ముందు వెతకాలి. అలాగే చల్లని ఇంజన్లో పుష్ రాడ్లు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. టాపెట్ల సంగతి దానితో తేలుతుంది.

ఒక జబ్బుకు ఒకే మందు అన్న నమ్మకం ఎంత దారి తప్పిస్తుందో, వేడెక్కాక ఆగిపోయే బండిని చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే ఒక్క కిక్కుకు స్టార్టవుతుంది, నాలుగైదు కిలోమీటర్లు బాగానే పోతుంది, తర్వాత దగ్గి ఆగుతుంది. పావుగంట ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే ఇలాగే జరుగుతుంది: పెట్రోలు దిగేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి ధార ఆగిపోతుంది. కండెన్సర్ పాడైనా ఇలాగే: వేడికి అది పని మానుకుంటే పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు లేచి, ప్లగ్గు దగ్గర స్పార్కు చచ్చుబడుతుంది. టాపెట్ మరీ బిగుతుగా పెట్టినా ఇలాగే: ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగి సీటు మీద పూర్తిగా కూర్చోక కంప్రెషన్ జారిపోతుంది. పెట్రోలు, స్పార్కు, కంప్రెషన్ మూడు దారుల్లో వచ్చిన లోపాలకు బయట కనిపించే లక్షణం ఒక్కటే. బండి చల్లారాక షెడ్డుకు తోసుకొస్తే మూడూ మాయమవుతాయి. అందుకే అది ఆగిన చోటే, ఆగిన క్షణంలోనే పరీక్ష జరగాలి. మూత తెరిచి వెంటనే కిక్కు కొడితే స్టార్టయిందా, తప్పు మూతది. కాలేదా, ప్లగ్గు విప్పి ఇంజన్ ఇనుముకు ఆనించి స్పార్కు చూడాలి. అదీ బాగుంటే కిక్కర్ కింద ఎదురొత్తిడి ఎంతుందో కాలికే తెలుస్తుంది. ఈ మూడింట్లోనూ కార్బరేటర్ ఊసే లేదని గమనించండి.

ఇవన్నీ దాటాక కార్బరేటర్ దగ్గరికొచ్చినా, విప్పేముందు దాన్ని అడగాల్సినవి ఉన్నాయి. చోక్ కొంచెం లాగగానే బండి తేరుకుంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. ఇంకా మొరాయిస్తే ఎక్కువవుతోందని. యాక్సిలరేటర్ ఎంత తిప్పినప్పుడు జబ్బు బయటపడుతోందన్నది ఇంకో ఆనవాలు. స్లోలోనూ, కొంచెం తిప్పినప్పుడూ అయితే స్లో జెట్, దాని స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ఆపైన మెయిన్ జెట్. గ్రిప్పు మీద టేపు ముక్క అంటించి గీతలు పెట్టుకుంటే ఈ లెక్క కచ్చితంగా వస్తుంది. ఇక్కడ పెద్దపెద్దవాళ్లే పొరపడే చోటొకటుంది. స్క్రూ ఫిల్టరు వైపు ఉంటే అది గాలిది, లోపలికి బిగిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలుది, బిగిస్తే తగ్గుతుంది. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండైతే ఇంకో అనుమానితుడు క్రాంకు సీలు. మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి దూరి ఐడ్లింగ్ పెరుగుతుంది, క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ పీల్చుకుని తెల్లపొగ కక్కుతుంది. రెండింటినీ కార్బరేటర్ స్క్రూతో దిద్దబోతే దిద్దేవాడే అలసిపోతాడు.

ఇదంతా చెవినీ కాలినీ నమ్ముకున్న అంచనా వ్యవహారమే కదా అనేవారున్నారు. వాళ్లమాటలో నిజముంది. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయాక ప్లగ్గు రంగు చదవడం మునుపటంత తేలిక కాదు. షెడ్ల సంప్రదాయంలో చెడ్డ అలవాట్లకూ కొదవ లేదు. క్లచ్ వైరు పోగుతో జెట్ పొడవడం వాటిలో అధ్వాన్నం. మెత్తని ఇత్తడిలో వెంట్రుకవాసి గీత పడినా ఆ జెట్ మీది అంకెకు అర్థం పోతుంది. అయితే ఈ లోపాలు గేజీ వాడని చేతివి, ముందు ఏది, తర్వాత ఏది అన్న వరసవి కావు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 వచ్చాక కొత్త బళ్లలో ఇంజెక్షన్ వచ్చేసింది, ఇంకా ఈ విద్యెందుకన్నది రెండో వాదన. స్కానర్ సెన్సర్లు చెప్పిన మాట చదువుతుంది. అరిగిన రింగుల గురించి, బిగిసిన టాపెట్ గురించి ఆ బండిలోనూ మనిషే కనుక్కోవాలి. పొగ విషయంలో మాత్రం పాత టూ స్ట్రోకులను వెనకేసుకు రాలేం. ఎంత బాగా ట్యూన్ చేసినా కొంత పచ్చి పెట్రోలు కాలకుండానే సైలెన్సర్లోంచి పోవడం ఆ ఇంజన్ కట్టుబడిలోనే ఉంది.

కార్బరేటరే నిజంగా ముద్దాయి అయ్యే సందర్భాలు ఇప్పుడు పెరుగుతున్నాయి, దానికి కారణం బంకులో పోసేది. స్వచ్ఛమైన పెట్రోలు ఒక పాలుకు తూకంలో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. 2023 నుంచి విడతలవారీగా వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలును పాత జెట్ల గుండా పంపితే మిశ్రమంలో గాలి పాలు మిగిలిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండి తనంతట సర్దుకుంటుంది, కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. పాయింట్లు, టాపెట్లు, కంప్రెషన్ సరిగ్గా ఉండి, ప్లగ్గు తెల్లగా పాలిపోయి, చోక్ లాగితే బండి తేరుకుంటుంటే, అప్పుడు నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి మార్చి నీడిల్ ఎత్తడం, చాలకపోతే మెయిన్ జెట్ ఒక సైజు పెంచడం సబబు. అదీ ఒకసారికి ఒక్కటే మార్చి, నడిపి చూసి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును చెడగొడుతుంది. కాబట్టి నెలల తరబడి మూలన ఉన్న బండికి మాత్రం నేరుగా గిన్నె విప్పడమే న్యాయం. బండిని అలా పక్కన పెట్టేటప్పుడు పెట్రోల్ కాక్ మూసేసి, గిన్నెలో ఉన్నది అయిపోయి ఇంజన్ తనంతట ఆగేదాకా నడిపితే, మళ్లీ తీసిన రోజున స్లో జెట్ మూసుకుపోయి ఉండే బెడద చాలావరకు తప్పుతుంది.