కర్త అతను, కర్మ ఆమెది

సైన్సు పుస్తకాలతో సాహిత్యం వాళ్ళకి ఏం పని? పరిశోధన చేసే రోజుల్లో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, కొందరు నవ్వుతూ, కొందరు విసుగ్గా. కథల్లో, కవిత్వంలో పితృస్వామ్యాన్ని వెతుక్కోండి, కణానికీ క్రోమోజోముకీ కులమూ మతమూ ఉండవు కదా అని వాళ్ళ వాదన. కణానికి ఉండకపోవచ్చు. దాన్ని చూసే మనిషికి ఉన్నాయి. చూసినదాన్ని చెప్పే భాషకీ ఉన్నాయి. భాష ఉన్నచోట మనకి పని ఉంది.

బిడ్డ ఎలా పుడుతుందన్న జ్ఞానాన్నే తీసుకుందాం. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం స్త్రీని క్షేత్రమనీ, పురుషుణ్ణి బీజమనీ అంటుంది. రెంటిలో బీజానిదే పైచేయి అనీ, ఏ విత్తు వేస్తే ఆ పంటే వస్తుందనీ వాదిస్తుంది. ఆ తర్వాత నడిచే చర్చంతా బిడ్డ విత్తు వేసినవాడిదా, పొలం యజమానిదా అన్నదే. పొలానిదా అన్న ప్రశ్న ఎవరికీ రాదు. సరే, విత్తుదే నిర్ణయమైనప్పుడు ఆడపిల్ల పుట్టినా బాధ్యత విత్తుదే కావాలి. "విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా" అని మన సామెత కూడా అదే కదా చెప్పేది! కానీ అదే గ్రంథం మూడో అధ్యాయం చూడండి. పురుషుడి శుక్రం ఎక్కువైతే మగబిడ్డ, స్త్రీది ఎక్కువైతే ఆడబిడ్డ అని ఉంటుంది. పొలానికి ఉన్నట్టుండి విత్తు ఎక్కణ్ణించి వచ్చింది? బిడ్డ ఎవరి సొత్తో తేల్చేటప్పుడు స్త్రీకి బీజం లేదు. ఆడపిల్ల ఎందుకు పుట్టిందో చెప్పాల్సి వచ్చినప్పుడు ఉంది. ఈ వైరుధ్యాన్ని నేను పొరపాటుగా చదవలేను.

ఇది మన శాస్త్రాల సంగతి మాత్రమే కాదు. బిడ్డకి రూపం ఇచ్చేది పురుషుడనీ, స్త్రీ ముడిసరుకు మాత్రమే ఇస్తుందనీ అరిస్టాటిల్ రాశాడు. సూక్ష్మదర్శిని వచ్చాక ఈ కథ ముగిసి ఉండాలి. ముగియలేదు. 1677లో లీవెన్‌హుక్ శుక్రకణాలని చూశాడు. 1694లో హార్ట్‌సోకర్ శుక్రకణం తలలో ముడుచుకుని కూర్చున్న చిన్న మనిషి బొమ్మ వేశాడు. అది అతను చూసిన బొమ్మ కాదు, అలా ఉండవచ్చని ఊహించినది. అండంలోనే బిడ్డ ఉందని వాదించినవాళ్ళూ అప్పట్లో ఉన్నారు. రెండు పక్షాల వెనకా మతం ఉంది. దేవుడు సృష్టి మొదట్లోనే రాబోయే తరాలన్నిటినీ ఒకదానిలో ఒకటి అమర్చి పెట్టాడన్న నమ్మకానికి ఈ సిద్ధాంతం చక్కగా అమరింది. క్షీరదాల అండాన్ని ఫాన్ బేయర్ చూసి ప్రకటించింది 1827లో, శుక్రకణాన్ని చూసిన 150 ఏళ్ళకి. అండం శరీరం లోపల దాగి ఉంటుంది కనక ఆలస్యం కొంత సహజమే. కానీ ఆ ఖాళీని నింపిన ఊహలు సహజమైనవి కావు.

ఆడా మగా తేడాకి కారణం శుక్రకణంలో ఉందని ఒక పురుగులో స్పష్టంగా చూపించింది ఒక స్త్రీ. నెట్టీ స్టీవెన్స్ బడిలో పాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టుకుని, ముప్ఫై దాటాక విశ్వవిద్యాలయంలో చేరింది. 1903లో డాక్టరేట్ తీసుకుంది. 1905లో పిండిపురుగు కణాలని పరిశీలించి, ఆడపురుగులో ఇరవై పెద్ద క్రోమోజోములూ, మగపురుగులో పంతొమ్మిది పెద్దవీ ఒక చిన్నదీ ఉన్నాయని చెప్పింది. చిన్నది ఉన్న శుక్రకణం వల్ల మగ, లేనిదాని వల్ల ఆడ. అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ విడిగా ఇలాంటి నిర్ణయానికే వచ్చాడు. చాలాకాలం పుస్తకాల్లో అతని పేరే ముందు నిలిచింది. స్టీవెన్స్ 1912లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది.

మా నాన్న ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పేవారు. ఎక్స్ ఎక్స్, ఎక్స్ వై అని బోర్డు మీద గీసి, బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి కణమే అని తరగతికి చెప్పేవారు. ఇంట్లో మేం ముగ్గురం ఆడపిల్లలం. మా నానమ్మ మా అమ్మ కడుపుని తిట్టిపోస్తుంటే ఆయన పేపరు చదువుకునేవారు. ఆయన చదువులో లోపం లేదు. ఆ చదువుకి బడి గేటు దాటి ఇంట్లోకి వచ్చే అనుమతి లేదు, అంతే.

పాఠమైనా నిష్పాక్షికంగా ఉందా? శుక్రకణం అండాన్ని ఫలదీకరిస్తుంది అని చదువుకున్నాం. వ్యాకరణంలో అతను కర్త, ఆమె కర్మ. వీర్యం అంటే పరాక్రమం, రజస్సు అంటే ధూళి. పరిభాషే ముందుగా తీర్పు చెప్పేసింది. ఎమిలీ మార్టిన్ 1991లో రాసిన వ్యాసంలో అమెరికా వైద్య పాఠ్యపుస్తకాలని ఇలాగే చదివింది. శుక్రకణం సాహసయాత్ర చేసే వీరుడు, అండం ఎదురుచూసే రాకుమారి. శుక్రకణం ముందుకి తోసే బలం చాలా తక్కువనీ, దాన్ని పట్టి నిలిపేది అండం పైపొరేననీ ప్రయోగాల్లో తేలాక కూడా, అండాన్ని వల పన్నే సాలీడులా వర్ణించారట! వాస్తవం మారితే రూపకం మారలేదు, ఆమె వేషం మాత్రం మారింది.

మరి సమాజం సైన్సుని తిరస్కరించిందా? లేదు, ఎంచుకుంది. క్రోమోజోము పాఠాన్ని బడిలో వదిలేసి స్కానింగ్ యంత్రాన్ని ఇంట్లోకి తెచ్చుకుంది. లింగ నిర్ధారణని నిషేధిస్తూ 1994లో చట్టం చేయాల్సి వచ్చింది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు వెయ్యిమంది మగపిల్లలకి 2001లో 961 మంది ఆడపిల్లలుంటే, 2011 నాటికి 939 మందే మిగిలారు. విత్తు గురించిన నిజం చెప్పిన సైన్సుని నమ్మనివాళ్ళే, పొలంలో ఏం మొలుస్తోందో చూపించే సైన్సుకి డబ్బు కట్టారు.

అందుకే విజ్ఞానం పెరిగితే మూఢత్వం తానే పోతుందన్న పాత ఆశ నాకు చాలడం లేదు. ఏ జ్ఞానం ఎవరి చేతికి, ఏ మాటల్లో చుట్టి అందుతోందో చూడాలి. మన భాషలో గొడ్రాలు అనే మాట ఉంది, మగవాడికి దానికి దీటైన తిట్టు లేదు. సంతానం లేకపోవడంలో మగవాళ్ళ కారణాలూ ఉంటాయని వైద్యం ఏనాడో చెప్పినా నిఘంటువు కదల్లేదు. సైన్సు పుస్తకాలతో మనకేం పనో అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే. ఆ పుస్తకాల్లో మన శరీరాలున్నాయి. వాటికి పేర్లు పెట్టేటప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. ఇకనైనా ఆ వాక్యాలని ఒక్కొక్కటే విప్పి, కర్త ఎవరో కర్మ ఎవరిదో అడుగుదాం.